కాటా రూమ్ కంప్యూటర్‌కు సర్వర్ పేరు దొరకడం లేదు, ఐపీ కొడితే మాత్రం వస్తోంది

గ్రీమ్స్‌పేట_వాసి
అందరికీ నమస్కారం. చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. నెట్‌వర్క్ నా పని కాదు, కానీ సీజన్‌లో చెప్పగానే వచ్చే మనిషి దొరకడు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గేటు దగ్గర కాటా రూమ్‌లో ఒక కంప్యూటర్ ఉంది, విండోస్ 10. ట్రాక్టర్ కాటా ఎక్కగానే బరువు అందులో పడుతుంది. అక్కడి నుంచి ఆఫీసులోని సర్వర్‌కు వెళ్లాలి. సర్వర్ పేరు బిల్‌సర్వర్, ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ మిషన్ నంబర్) 192.168.1.10. అది పాత విండోస్ 7 మిషన్, షేర్డ్ ఫోల్డర్‌లో బిల్లుల ప్రోగ్రామ్ ఉంటుంది. పోయిన సీజన్ అంతా బాగా నడిచింది. ఇప్పుడు కాటా రూమ్ నుంచి పేరుతో వెళ్తే దొరకదు, ఐపీ కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్‌లో పేరే రాసి ఉంది, దాన్ని మార్చే పాస్‌వర్డ్ మా దగ్గర లేదు, చేసినవాళ్లను అడిగాం. అంతదాకా తూకం చీటీలు చేత్తో రాస్తున్నాం. తోతాపురి లోడ్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, రైతులు ఎండలో కూర్చుని ఉన్నారు. నాకు అదే పెద్ద టెన్షన్.

ఆఫీసులో రెండు విండోస్ 11 మిషన్లు, వాటికి పేరు దొరుకుతోంది. క్వాలిటీ ల్యాబ్‌లో ఒక ఉబుంటు (లైనక్స్) మిషన్ ఉంది, దానికి ఎప్పుడూ దొరకలేదు, అక్కడ ఐపీతోనే నడుపుతున్నారు.

కట్టమంచి_కుర్రాడు
అన్నా, హోస్ట్స్ ఫైల్‌లో రాసేయండి, వెంటనే అయిపోతుంది. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ. అక్కడ హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది, ఏ పేరుకు ఏ ఐపీ అని ఆ మిషన్ తన కోసం చూసుకునే ఫైల్ అది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, చివర్లో ఐపీ, ఒక ఖాళీ, పేరు రాసి సేవ్ చేయండి. సేవ్ చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ ఒక్కోసారి ఫైల్ పేరు వెనకాల టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అలా అయితే విండోస్ దాన్ని అసలు చదవదు. ఆల్ ఫైల్స్ ఎంచుకుని సేవ్ చేయాలి. మా కాలేజీలో చాలామంది అక్కడే ఆగిపోతారు.

రేణిగుంట_జంక్షన్
తమ్ముడు చెప్పింది ఈ పూటకు చేయండి, లోడ్లు ఆగకూడదు. కానీ అంతటితో వదిలేయకండి. పోయిన సంవత్సరం దొరికిన పేరు ఇప్పుడు దొరకడం లేదంటే మధ్యలో ఏదో మారింది. అదేంటో తెలియకపోతే సీజన్ నడుమ ఇంకోచోట బయటపడుతుంది.

ఇవి చూసి చెప్పండి. కాటా రూమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ బిల్‌సర్వర్ కొట్టండి (హోస్ట్స్‌లో ఆ లైను ముందు # పెట్టి, కాసేపు పక్కన పెట్టి). వచ్చిన మెసేజ్ ఉన్నది ఉన్నట్టు రాయండి. "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అంటే పేరే దొరకలేదు. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని, పైన ఐపీ కూడా కనిపిస్తే పేరు దొరికినట్టే, తంటా ఫైర్‌వాల్‌లోనో దారిలోనో ఉంది. ఈ రెండూ వేరువేరు జబ్బులు, కలిపి చూస్తే మందు దొరకదు.

తర్వాత అన్ని విండోస్ మిషన్లలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్. అందులో ఐపీ, డీఫాల్ట్ గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్ఎస్ సర్వర్స్ (పేరు అడిగితే ఐపీ చెప్పేవి) అన్న లైన్లు కావాలి. కాటా రూమ్ నుంచి ట్రేసర్ట్ 192.168.1.10 కూడా, సర్వర్ దాకా దారిలో ఏమేం తగులుతున్నాయో అది చూపిస్తుంది.

గ్రీమ్స్‌పేట_వాసి
అన్నా, చూశాను.

కాటా రూమ్: కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్. ఐపీ 192.168.0.103, గేట్‌వే 192.168.0.1, డీఎన్ఎస్ కూడా అదే.
ఆఫీస్ ఒకటి: ఐపీ 192.168.1.21, గేట్‌వే, డీఎన్ఎస్ రెండూ 192.168.1.1.
ఆఫీస్ రెండు: ఐపీ 192.168.1.24, గేట్‌వే 192.168.1.1. డీఎన్ఎస్ దగ్గర 192.168.1.1, దాని కింద 8.8.8.8.

ట్రేసర్ట్ కొడితే మొదటి లైన్‌లో 192.168.0.1, రెండో లైన్‌లో సర్వర్.

ఇంకో వింత. ఆఫీస్ ఒకటిలో పింగ్ బిల్‌సర్వర్ అంటే వస్తోంది, ఎన్ఎస్‌లుకప్ బిల్‌సర్వర్ అంటే అలాంటి పేరు లేదంటోంది. పనిచేసే మిషన్‌లో కూడా ఇలా ఎందుకు?

రేణిగుంట_జంక్షన్
దొరికింది. కాటా రూమ్ 192.168.0 లో ఉంది, సర్వర్ 192.168.1 లో ఉంది. కాటా రూమ్‌లో ఈ మధ్య వై-ఫై రౌటర్ ఏమన్నా కొత్తగా పెట్టారా? ట్రేసర్ట్‌లో మొదటి లైన్ అదే.

ఎన్ఎస్‌లుకప్ సంగతి ముందు చెప్తాను, అది అర్థమైతే మిగతాది అర్థమవుతుంది. ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ను మాత్రమే అడుగుతుంది. హోస్ట్స్ ఫైల్ చూడదు, విండోస్ దాచుకున్న పాత జవాబులు, అంటే క్యాష్, చూడదు. పింగ్ అలా కాదు, విండోస్‌కు తెలిసిన దారులన్నీ వెతికిస్తుంది. మొదట ఆ పేరు తనదేనా అని చూస్తుంది. తర్వాత హోస్ట్స్ ఫైల్, క్యాష్. తర్వాత డీఎన్ఎస్. అక్కడా దొరకకపోతే, పేరులో చుక్క లేకపోతే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న మిషన్లన్నింటినీ అడుగుతుంది. దానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్ యూడీపీ 5355 పోర్టులో అడుగుతుంది. పాతకాలం నెట్‌బయోస్ యూడీపీ 137 లో అడుగుతుంది.

మీ ఆఫీసులో పేరు దొరుకుతోంది ఈ చివరి దారిలోనే. వీధిలో నిలబడి పేరు పెట్టి కేకేయడం లాంటిది అది, ఆ వీధిలో ఉన్నవాళ్లే పలుకుతారు. రౌటర్ ఆ కేకను అవతలికి పోనివ్వదు. కాటా రూమ్‌లో రౌటర్ అడ్డం వచ్చేసరికి కేక అక్కడే ఆగిపోయింది. ఐపీతో వెళ్లేది మాత్రం దారి పట్టుకుని రౌటర్ దాటి వెళ్తుంది. అందుకే ఐపీ పనిచేస్తోంది, పేరు పనిచేయడం లేదు. ఆఫీస్ ఒకటిలో ఎన్ఎస్‌లుకప్ "లేదు" అనడం కూడా నిజమే. మీ రౌటర్ డీఎన్ఎస్‌కు బిల్‌సర్వర్ ఎవరో తెలియదు, ఇన్నాళ్లూ తెలియాల్సిన అవసరమూ రాలేదు.

గ్రీమ్స్‌పేట_వాసి
అవునన్నా! కాటా రూమ్‌లో ఫోన్‌లకు నెట్ రావడం లేదని సీజన్ ముందు చిన్న రౌటర్ తగిలించి వెళ్లారు. అంతకుముందు ఆఫీస్ స్విచ్ నుంచి వచ్చే కేబుల్ నేరుగా కంప్యూటర్‌కే ఉండేది. దాన్ని తీసేయాలా?

రేణిగుంట_జంక్షన్
తీయొద్దు, పద్ధతి మార్చండి. ఆ రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా వై-ఫై మాత్రం ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే ఇలా చేయండి. దాని డీహెచ్‌సీపీ (మిషన్లకు ఐపీలు పంచే పని) ఆపేయండి, దాని ఐపీని 192.168.1.2 చేయండి, ఆఫీస్ నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ పోర్టులోంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టండి. ఈ వరుసలోనే చేయండి. డీహెచ్‌సీపీ ఆపకుండా కేబుల్ మారిస్తే రెండు రౌటర్లూ ఐపీలు పంచడం మొదలుపెడతాయి, అప్పుడు ఆఫీస్ మిషన్లు కూడా పడిపోతాయి. 192.168.1.2 ఇంకెవరికీ లేదని ముందే చూసుకోండి.

పాత_ల్యాబ్_మాస్టారు
హోస్ట్స్ ఫైల్ గురించి ఒక మాట చెప్పాలనిపించింది. తిరుపతిలో చాలా ఏళ్లు కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నాను. పిల్లలు ఆ ఫైల్‌ను ఏదో చిట్కాలా వాడతారు. అది నెట్‌వర్క్‌లో అందరికంటే పాత పేర్ల పుస్తకం.

ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో ఆ నెట్‌వర్క్‌లోని హోస్ట్‌ల, అంటే కంప్యూటర్ల, పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపించిన సమాచార కేంద్రం దాన్ని నిర్వహించేది. కొత్త కంప్యూటర్ పెడితే వాళ్లకు తెలియజేయాలి, వాళ్లు ఫైల్‌లో ఎక్కించాలి, మిగతావాళ్లందరూ ఆ ఫైల్‌ను మళ్లీ దించుకోవాలి. మిషన్లు పెరిగేకొద్దీ ఎవరి దగ్గర ఏ ఫైల్ ఉందో అంతుపట్టకుండా పోయింది. అప్పుడు 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. ఇప్పటికీ మనం వాడే ఆ ప్రమాణాల రూపం 1987లో వచ్చింది.

మీ ఫ్యాక్టరీలో జరగబోయేదీ అదే బాబూ. నాలుగు మిషన్లలో నాలుగు హోస్ట్స్ ఫైళ్లు రాస్తారు. వచ్చే ఏడాది సర్వర్ ఐపీ మారుతుంది. మూడింటిలో మారుస్తారు, నాలుగోది గుర్తుండదు. ఆ నాలుగో మిషన్ పాత ఐపీ దగ్గరికే వెళ్తుంటుంది, ఎన్ఎస్‌లుకప్ చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎందుకంటే జంక్షన్ గారు చెప్పినట్టు అది హోస్ట్స్ వైపు చూడదు. అందుకని పేరు ఒక్కచోటే రాయండి.

గ్రీమ్స్‌పేట_వాసి
మాస్టారూ, నమస్కారం. రౌటర్ మోడ్ మార్చాం. కాటా రూమ్ కంప్యూటర్‌కు 192.168.1.31 వచ్చింది, హోస్ట్స్‌లో రాసిన లైన్ తీసేశాను, పేరుతోనే దొరుకుతోంది. తూకం చీటీలు మిషన్ మీదే వస్తున్నాయి! ఎంత చెప్పినా తక్కువే.

ప్రోగ్రామ్ చేసినవాళ్లు కూడా పాస్‌వర్డ్ ఇచ్చారు, పేరు మనమే మార్చుకోవచ్చు అన్నారు. మాస్టారు చెప్పినట్టు ఒక్కచోటే రాయాలంటే ఎక్కడ రాయాలి?

రేణిగుంట_జంక్షన్
మీ మెయిన్ రౌటర్‌లో చూడండి. కొన్నింట్లో లోకల్ డీఎన్ఎస్ అనో, స్టాటిక్ హోస్ట్ అనో ఒక పేజీ ఉంటుంది. ఉంటే అక్కడ బిల్‌సర్వర్‌కు 192.168.1.10 అని రాయండి. లేకపోతే ఆ పని చేయగల రౌటర్ తీసుకోవడం మంచిది, లేదా ల్యాబ్‌లో ఉన్న ఉబుంటులో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు. సర్వర్ ఐపీ చేత్తో పెట్టినదైతే అది రౌటర్ పంచే ఐపీల వరుసలో పడకుండా చూడండి. ఆ వరుస 20 నుంచి మొదలైతే 10కి భయం లేదు.

ఇంకోటి. ప్రోగ్రామ్‌లో ఇకమీదట పూర్తి పేరు రాయండి, అంటే బిల్‌సర్వర్ తర్వాత చుక్క, ఆ తర్వాత రౌటర్‌లో ఉన్న డొమైన్ పేరు. చుక్క ఉంటే విండోస్ కేకలు వేయకుండా డీఎన్ఎస్‌నే అడుగుతుంది, జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుస్తుంది. కేకేస్తే ఎవరైనా "నేనే" అని పలకొచ్చు, చూసుకునేవాళ్లు ఉండరు. ఆ సందు వాడుకుని పాస్‌వర్డ్‌లు కాజేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. సెక్యూరిటీ వాళ్లు ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్‌ను ఆపేయమనేది అందుకే.

బస్టాండ్_లాడ్జి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. తిరుపతి బస్టాండ్ దగ్గర మాదొక లాడ్జి. రిసెప్షన్ కంప్యూటర్లో రూముల ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో తెరుస్తాం. పింగ్ చేస్తే పేరు దొరుకుతుంది, బ్రౌజర్‌లో ఒక మిషన్‌లో మాత్రం తెరుచుకోదు, గూగుల్ వెతుకులాట పేజీ వస్తుంది. దర్శనం నుంచి వచ్చిన యాత్రికులు లైన్‌లో ఉన్నప్పుడు ఇలా అయితే చాలా ఇబ్బంది.

పుత్తూరు_అమ్మాయి
లాడ్జి అన్నా, రెండు కారణాలు ఉండొచ్చు. ఒక్క మాట కొడితే బ్రౌజర్ అది వెతకమని అడిగారనుకుంటుంది. ముందు హెచ్‌టీటీపీ కోలన్ రెండు స్లాష్‌లు పెట్టి, చివర కూడా ఒక స్లాష్ పెట్టి కొట్టండి. అప్పుడూ రాకపోతే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద సెక్యూర్ డీఎన్ఎస్ చూడండి. అక్కడ బయటి కంపెనీ పేరు ఎంచుకుని ఉంటే బ్రౌజర్ మీ రౌటర్‌ను అడగకుండా బయటికి వెళ్లి అడుగుతుంది. మీ రిసెప్షన్ పేరు బయట ఎవరికీ తెలియదు. ఆ మిషన్‌లో అది ఆపేయండి.

యాత్రికుల వై-ఫై, రిసెప్షన్ మిషన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే విడదీయండి అన్నా. ఇది పేర్ల తంటా కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. గెస్ట్ నెట్‌వర్క్ అనే సెట్టింగ్ చాలా రౌటర్లలో ఉంటుంది.

గ్రీమ్స్‌పేట_వాసి
జంక్షన్ అన్నా, రౌటర్‌లో స్టాటిక్ హోస్ట్ పేజీ దొరికింది. డొమైన్ దగ్గర ముందే "లోకల్" అని రాసి ఉంది. అందుకని బిల్‌సర్వర్.లోకల్ అని పెట్టి, ప్రోగ్రామ్‌లోనూ అదే రాశాను. కాటా రూమ్, ఆఫీస్ ఒకటి చక్కగా ఉన్నాయి.

ఆఫీస్ రెండులో కొత్త తంటా వచ్చింది. నిన్నటిదాకా బాగుంది. ఇప్పుడు కాసేపు పనిచేస్తుంది, కాసేపు సర్వర్ దొరకలేదంటుంది. ఆ సమయంలో పింగ్ బిల్‌సర్వర్ అంటే వస్తుంది, పింగ్ బిల్‌సర్వర్.లోకల్ అంటే రాదు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొడితే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి కాదు. ఉబుంటుకు మాత్రం ఇప్పటికీ దొరకడం లేదు.

రేణిగుంట_జంక్షన్
ఆఫీస్ రెండులో 8.8.8.8 ఉందని మీరు మొదట్లోనే రాశారు. అదే కారణం. ఇది అందరూ తెలుసుకోవాలి, అందుకే వివరంగా రాస్తున్నాను. మన ఊళ్లలో నెట్ పెట్టడానికి వచ్చినవాళ్లు ఇలా పెట్టి వెళ్లిన ఆఫీసులు లెక్కలేనన్ని చూశాను.

చాలామంది అనుకునేది ఏమిటంటే, మొదటి డీఎన్ఎస్‌కు పేరు తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుందని. అలా జరగదు. మొదటిది అసలు పలకకపోతేనే రెండోదాని దగ్గరికి వెళ్తుంది. "ఆ పేరు లేదు" అన్నది కూడా జవాబే. ఎవరు ఆ జవాబు ఇచ్చినా విండోస్ నమ్ముతుంది, ఇంకొకరిని అడగదు, పైగా కాసేపు గుర్తు కూడా పెట్టుకుంటుంది. ఫ్లష్‌డీఎన్ఎస్ కొడితే ఆ గుర్తు పోతుంది, అందుకే ఒక్కోసారి బాగైనట్టు కనిపించింది.

ఇప్పుడు మీ దగ్గర ఏమవుతోందో చూడండి. మీ మెయిన్ రౌటర్ పని ఎక్కువై జవాబు ఆలస్యం చేస్తుంది. విండోస్ సెకను వరకు చూసి 8.8.8.8 ను అడుగుతుంది. గూగుల్ వాళ్ల ఆ సర్వర్‌కు ప్రపంచమంతా తెలుసు, చిత్తూరు బయట మీ ఫ్యాక్టరీలో ఉన్న బిల్‌సర్వర్ తెలియదు. లేదు అంటుంది. కథ ముగిసింది. నిన్నటిదాకా చిన్న పేరుతో వెళ్లారు కాబట్టి డీఎన్ఎస్ లేదన్నా కేకతో దొరికేది. పూర్తి పేరు రాసేసరికి దాచి ఉన్న తప్పు బయటపడింది. పూర్తి పేరు మార్చకండి, 8.8.8.8 తీసేయండి. ఆ మిషన్‌లో డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌గా తీసుకునేలా పెట్టండి.

కట్టమంచి_కుర్రాడు
అన్నా, రౌటర్ డీఎన్ఎస్ పడిపోతే అప్పుడు ఆ మిషన్‌లో నెట్ మొత్తం పోతుంది కదా? అందుకే కదా రెండోది పెట్టుకునేది?

రేణిగుంట_జంక్షన్
మంచి ప్రశ్న తమ్ముడూ. ఇక్కడ గేట్‌వే కూడా ఆ రౌటరే. అది పడిపోతే 8.8.8.8 దాకా వెళ్లే దారే ఉండదు, కాబట్టి రెండోది ఉన్నా ఉపయోగం లేదు. నిజంగా రెండోది కావాలంటే లోపలి పేర్లు తెలిసిన ఇంకో డీఎన్ఎస్ సర్వర్ పెట్టాలి. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి, అదే షరతు. 8.8.8.8 ను పెట్టాల్సిన చోటు రౌటర్ లోపల. రౌటర్ తనకు తెలియని పేర్లను దాన్ని అడిగి తెచ్చి ఇస్తుంది. మిషన్లు మాత్రం రౌటర్‌నే అడగాలి.

పుత్తూరు_అమ్మాయి
ఉబుంటు సంగతి నేను చెప్తాను. ల్యాబ్ మిషన్‌లో ఎన్ఎస్‌లుకప్ బిల్‌సర్వర్.లోకల్ 192.168.1.1 అని కొట్టి చూడండి. చివర ఐపీ పెడితే రౌటర్‌నే నేరుగా అడుగుతుంది. జవాబు వస్తుందని నా నమ్మకం. తర్వాత గెటెంట్ హోస్ట్స్ బిల్‌సర్వర్.లోకల్ కొట్టండి, దానికి ఏమీ రాదు. గెటెంట్ చెప్పేదే ప్రోగ్రామ్‌లకు దొరికే జవాబు, లైనక్స్‌లో దాన్నే నమ్మండి.

కారణం ఆ "లోకల్" అన్న మాటే. 2013లో వచ్చిన ఎండీఎన్ఎస్ ప్రమాణం, అంటే ఆర్ఎఫ్‌సీ 6762, చివర లోకల్ ఉన్న పేర్లను తనకోసం పక్కన పెట్టుకుంది. అలాంటి పేర్లను డీఎన్ఎస్ సర్వర్‌ను అడగకుండా యూడీపీ 5353 లో చుట్టుపక్కల మిషన్లనే అడగాలి. ఉబుంటు అది పాటిస్తుంది. ఈటీసీలో ఎన్ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైల్ తెరిచి హోస్ట్స్ లైన్ చూడండి. ఎండీఎన్ఎస్4 మినిమల్ అని ఉండి, దాని పక్కనే దొరకకపోతే వెనక్కి వచ్చేయమని ఉంటుంది. డీఎన్ఎస్ ఆ తర్వాత ఉంటుంది, అక్కడిదాకా పోనే పోదు. మీ సర్వర్ విండోస్ 7 కాబట్టి ఎండీఎన్ఎస్‌కు పలకదు. అందుకే ల్యాబ్‌కు ఏ దారిలోనూ దొరకడం లేదు.

ఆ ఫైల్‌ను మార్చమని కొందరు రాస్తారు. నేను మార్చొద్దంటాను, ఎందుకంటే తప్పు ఉబుంటుది కాదు. రౌటర్‌లో డొమైన్‌ను మార్చండి. సొంత నెట్‌వర్క్‌ల కోసం ఇంటర్నల్ అన్న పేరును ఐకాన్ (ఇంటర్నెట్ పేర్లను చూసుకునే సంస్థ) 2024లో పక్కన పెట్టింది, బయట ఎవరికీ ఇవ్వరు. బిల్‌సర్వర్.ఇంటర్నల్ అని పెట్టుకోండి.

పాత_ల్యాబ్_మాస్టారు
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఒకప్పుడు లోకల్ పెట్టుకోమని చెప్పినవాళ్లే ఎక్కువ, అందుకే పాత ఆఫీసుల్లో అది ఇంకా ఉంది.

ఆ విండోస్ 7 గురించి కూడా ఆలోచించండి. 2020 జనవరి 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. రైతుల లెక్కలు దాని మీద ఉన్నాయి. సీజన్ అయ్యాక మీ యజమానితో మాట్లాడండి. కొత్త మిషన్‌కు పేరు పెట్టేటప్పుడు 15 అక్షరాలు దాటనివ్వకండి, నెట్‌బయోస్ అంతకంటే పట్టించుకోదు. ఖాళీలు, అండర్‌స్కోర్‌లు వద్దు. అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే.

గ్రీమ్స్‌పేట_వాసి
ఎన్ఎస్‌లుకప్‌కు జవాబు వచ్చింది, గెటెంట్‌కు రాలేదు, అక్కా మీరు చెప్పినట్టే. రౌటర్‌లో డొమైన్ ఇంటర్నల్ చేశాను, స్టాటిక్ హోస్ట్ మార్చాను, అన్ని మిషన్ల కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను. ప్రోగ్రామ్‌లో కొత్త పేరు రాశాను. ల్యాబ్ మిషన్‌లో మొదటిసారి పేరుతో ఫోల్డర్ తెరుచుకుంది. ఆఫీస్ రెండులో 8.8.8.8 తీసేశాక మళ్లీ పడిపోలేదు.

ఒక్కటి మిగిలింది. ఆఫీస్ ఒకటిలో పింగ్ బిల్‌సర్వర్ అంటే 192 బదులు ఎఫ్ఈ80 తో మొదలయ్యే పొడుగు నంబర్ ఒక్కోసారి వస్తోంది. ఇదేమన్నా తేడానా?

రేణిగుంట_జంక్షన్
తేడా కాదు. అది ఐపీవీ6 లింక్ లోకల్ అడ్రస్ (అదే నెట్‌వర్క్ లోపల మాత్రమే పనిచేసే కొత్త తరహా ఐపీ), చిన్న పేరుతో అడిగినప్పుడు సర్వర్ స్వయంగా పలికితే అదే ఇస్తుంది. పింగ్ హైఫన్ 4 అని కొడితే 192 కనిపిస్తుంది. కానీ అది కనిపించిందంటే ఆ క్షణంలో జవాబు రౌటర్ నుంచి రాలేదని అర్థం. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్‌లో డీఎన్ఎస్ సఫిక్స్ (చిన్న పేరు వెనకాల తగిలించే డొమైన్) దగ్గర ఇంటర్నల్ అని ఉందా చూడండి. పాత లోకల్ ఉంటే ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత స్లాష్ రెన్యూ.

గ్రీమ్స్‌పేట_వాసి
పాత లోకలే ఉంది. రెన్యూ చేశాక ఇంటర్నల్ వచ్చింది, పింగ్‌లో 192.168.1.10 కనిపిస్తోంది.

బస్టాండ్_లాడ్జి
పుత్తూరు చెల్లెమ్మా, సెక్యూర్ డీఎన్ఎస్ ఆపేశాక రిసెప్షన్‌లో తెరుచుకుంది. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను, ఇప్పుడు రెండో అంతస్తు ప్రింటర్ రిసెప్షన్‌కు కనిపించడం లేదు.

పుత్తూరు_అమ్మాయి
ప్రింటర్ గెస్ట్ వై-ఫైలోనే ఉండిపోయినట్టుంది అన్నా. ప్రింటర్ మెనూలో వైర్‌లెస్ సెటప్‌కు వెళ్లి రిసెప్షన్ వై-ఫై పేరు ఎంచుకోండి. ఆ తర్వాత రౌటర్‌లో దాని మ్యాక్ అడ్రస్‌కు (ప్రింటర్ సొంత హార్డ్‌వేర్ నంబర్‌కు) ఒక ఐపీ రిజర్వ్ చేసి, పేరు కూడా అక్కడే రాయండి. రిసెప్షన్ మిషన్‌లో పాత ప్రింటర్‌ను తీసేసి, ఆ పేరుతో కొత్తగా కలపండి.